టీబీ మందులు వాడుతూ దిగులుతో ఉన్నవాళ్ల కోసం: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరినైనా "ఎర్రగడ్డకు పంపాలి" అంటే ఏమిటో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ మానసిక వైద్యశాల ఉంది. అదే ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి కూడా ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. బెంగళూరులోనూ ఇంతే. హోసూరు రోడ్డు మీద మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్, దానికి దగ్గర్లో సోమేశ్వరనగర్‌లో రాజీవ్ గాంధీ ఛాతీ వ్యాధుల సంస్థ. రెండూ ఇరుగుపొరుగే. కానీ ఇక్కడి చీటీ అక్కడి డాక్టరు కంట పడాలంటే రోగి దాన్ని సంచిలో పెట్టుకుని మోసుకెళ్లాల్సిందే.

మారతహళ్లిలో పీజీలో ఉండగా నాకు టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు వాడాను, తగ్గింది. అప్పటి నుంచి అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ మందులు వాడుతున్నవాళ్లు ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవే కింద రాశాను. నేను డాక్టరును కాను. మందు మొదలుపెట్టడమైనా, మార్చడమైనా, ఆపడమైనా మీ డాక్టరు చెప్పాకే.

టీబీ అని తెలిస్తే ఎవరికైనా దిగులేస్తుంది. దానికి కూడా వైద్యమా?

రిపోర్టు చేతికొచ్చిన రోజు ఏడుపు రావడం, వారం పది రోజులు ఏమీ తోచకపోవడం వేరు. రెండు వారాలు దాటినా రోజూ, రోజులో ఎక్కువ భాగం మనసు కుంగి ఉండటం, ఇష్టమైనవి కూడా సయించకపోవడం వేరు. ఆ రెండోదాన్నే డిప్రెషన్ అంటారు. ఇది అరుదైన సంగతి కాదు. వేర్వేరు దేశాల్లో జరిగిన అధ్యయనాలు చూస్తే టీబీ ఉన్నవాళ్లలో ముగ్గురికి ఒకరి నుంచి ఇద్దరికి ఒకరి దాకా డిప్రెషన్ లక్షణాలు కనిపిస్తున్నాయి.

"సహజమే కదా" అని వదిలేస్తేనే చిక్కు. కాలు విరిగితే నొప్పి కూడా సహజమే, అలాగని నొప్పి మాత్ర వద్దని ఎవరూ అనరు. పైగా దిగులు ముదిరితే మొదట దెబ్బ తగిలేది టీబీ మందులకే. "వేసుకుంటే ఎంత, మానేస్తే ఎంత" అనిపిస్తుంది. ఒక రోజు మానేస్తారు, తర్వాత రెండు రోజులు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో చికిత్స మధ్యలో ఆగిపోవడం, మరణాలు ఎక్కువని అధ్యయనాల్లో తేలింది.

ఆకలి లేదు, నిద్ర లేదు, నీరసం. ఇవి టీబీవా, డిప్రెషన్‌వా?

ఇక్కడ డాక్టర్లే తికమకపడతారు. ఆకలి చచ్చిపోవడం, బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, ఇవన్నీ రెండు జబ్బుల్లోనూ ఉంటాయి. కాబట్టి ఒంటికి సంబంధించినవాటిని కాసేపు పక్కన పెట్టి మనసుకు సంబంధించినవి చూడాలి. పాప వచ్చి ఒళ్లో కూర్చున్నా ఏమీ అనిపించడం లేదా? క్రికెట్ మ్యాచ్ అంటే చెవి కోసుకునే మనిషి టీవీ వైపు కూడా చూడటం లేదా? "నా వల్లే ఇంట్లో అందరికీ కష్టం, నేను లేకపోతేనే వాళ్లకు నయం" అంటున్నారా? ఇవి ఊపిరితిత్తుల నుంచి వచ్చే మాటలు కావు.

ఇంకో గుర్తు కూడా ఉంది. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకు సాధారణంగా జ్వరం తగ్గుతుంది, ఆకలి పుంజుకుంటుంది. కళ్లె పరీక్ష బాగానే వచ్చింది, బరువు కూడా కాస్త పెరిగింది, అయినా మనిషి మంచం దిగడం లేదంటే అనుమానించాలి.

ఆసుపత్రుల్లో దీనికోసం తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి వాడతారు, పీహెచ్‌క్యూ-9 అని. గత రెండు వారాల్లో ఎలా ఉందో అడిగి ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 27. పది, ఆపైన వస్తే కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాలి. ఆఖరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి "కొన్ని రోజులు అనిపించింది" అన్నా సరే, మొత్తం మార్కులు ఎంత తక్కువ ఉన్నా వదిలేయకూడదు.

మనవాళ్లతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే "దిగులుగా ఉంది" అని చెప్పరు. "గుండెల్లో బరువుగా ఉంది", "తల దిమ్ముగా ఉంది", "యాష్టకొస్తాంది" అంటారు. గుండె బరువంటే డాక్టరు ఈసీజీ తీయిస్తాడు. అది బాగానే వస్తుంది. ఇంటికి పంపించేస్తారు. వీలైతే ఒళ్లు సంగతి చెప్పాక, "సార్, మనసు కూడా బాగాలేదు, రెండు వారాలు దాటింది" అన్న మాట కూడా కలపండి.

ఈ దిగులు జబ్బు వల్ల వస్తుందా, మందుల వల్ల వస్తుందా?

రెండింటి వల్లా రావచ్చు. చాలామందికి వీటికి డబ్బు కష్టం కూడా తోడవుతుంది.

టీబీ క్రిములతో పోరాడేటప్పుడు ఒంట్లో వాపు పుట్టించే రసాయనాలు పెరుగుతాయి. అవి మెదడు మీద కూడా పనిచేస్తాయి. జ్వరం వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు చూడండి, అలాంటిదే నెలల తరబడి సాగుతుంది. దీనికి తోడు పని పోవడం, గది ఖాళీ చేయమనడం, ఊళ్లో చెప్పుకోలేకపోవడం.

మందుల సంగతికొస్తే, మామూలు టీబీకి వాడే నాలుగు మందుల వల్ల ఎక్కువమందికి మనసు మీద పెద్ద ప్రభావం ఉండదు. ఐసోనియజిడ్ మాత్రం అరుదుగా కొందరిలో చిరాకు, నిద్రలేమి, ఇంకా అరుదుగా భ్రమలు కలిగిస్తుంది. అది ఒంట్లో బి6 విటమిన్‌ను తగ్గిస్తుంది కాబట్టి కాళ్లల్లో తిమ్మిర్లు రాకుండా పైరిడాక్సిన్ మాత్ర ఇస్తారు. "విటమినే కదా" అని దాన్ని పక్కన పడేసేవాళ్లను చూశాను. పడేయకండి.

మందులకు లొంగని టీబీ, అంటే ఎండీఆర్ అయితే కథ వేరు. సైక్లోసెరిన్ అనే మందు డిప్రెషన్, భ్రమలు, చనిపోవాలన్న ఆలోచనలు కూడా తేగలదు. అది మీ చీటీలో ఉంటే మందు మొదలుపెట్టకముందే మానసిక చరిత్ర అడగాలి, ప్రతి నెలా అడుగుతూ ఉండాలి. ఎథియోనమైడ్ కొందరిలో థైరాయిడ్‌ను మందగింపజేస్తుంది. థైరాయిడ్ తగ్గితే అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. ఒక్క రక్తపరీక్షతో తేలే దానికి మనిషిని నెలల తరబడి "ధైర్యంగా ఉండు" అంటూ కూర్చోవడం అన్యాయం. లీవోఫ్లాక్ససిన్, మాక్సిఫ్లాక్ససిన్ వల్ల కొందరికి నిద్ర పట్టదు, కంగారుగా ఉంటుంది.

ఒక్కటి మాత్రం డిప్రెషన్ అనుకుని ఇంట్లో పెట్టుకోకూడదు. టీబీ ఉన్న మనిషికి తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం, మాట తడబడటం, మనుషులను పోల్చుకోలేకపోవడం కనిపిస్తే మెదడు పొరలకు టీబీ పాకి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో టీబీ రోగులకు ఐప్రోనియజిడ్ అనే కొత్త మందు ఇచ్చి చూశారు. అది ఐసోనియజిడ్‌కు తోబుట్టువు. ఊపిరితిత్తుల సంగతి అలా ఉంచితే, మంచాన పడినవాళ్లు లేచి నవ్వుతూ తిరగడం మొదలుపెట్టారు. డిప్రెషన్‌కు వాడిన తొలి మందుల్లో ఒకటి అలా టీబీ వార్డులో దొరికింది. కాలేయాన్ని దెబ్బతీస్తుందని తర్వాత దాన్ని పక్కన పెట్టారు. టీబీ మందులూ మనసు మందులూ ఇలా దాయాదులే అయినా ఒకదానితో ఒకటి గొడవ పడేవి కూడా ఉన్నాయి. తర్వాతి ప్రశ్న దాని గురించే.

టీబీ మాత్రలతో పాటు డిప్రెషన్ మాత్రలు వేసుకోవచ్చా? రెండూ కలిస్తే వికటిస్తాయా?

వేసుకోవచ్చు. చాలామంది వేసుకుంటున్నారు. కాకపోతే ఏ టీబీ మందుతో ఏ డిప్రెషన్ మందు అన్నది డాక్టరు చూసుకోవాలి. ఫోన్‌లో నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను.

మూత్రం ఎర్రగా చేసే మందు తెలుసుగా, రిఫాంపిసిన్. అది కాలేయానికి పని ఎక్కువ నేర్పుతుంది. మిగతా మందులను కాలేయం మామూలుకన్నా వేగంగా కరిగించి బయటికి పంపేస్తుంది. సర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, మిర్టజపిన్ లాంటి డిప్రెషన్ మందులు, కొన్ని నిద్ర మాత్రలు రక్తంలో తగ్గిపోతాయి. వికటించడం ఉండదు కానీ పని సరిగ్గా చేయవు. "నెలన్నర వాడాను, గుణం లేదు" అని మానేసినవాళ్లలో కొందరికి అసలు సంగతి ఇదే అయి ఉంటుంది. ఆ మోతాదును డాక్టరు పెంచాలి, మీరు కాదు. ముందు నుంచే డిప్రెషన్‌కు మందు వాడుతూ ఇప్పుడు టీబీ మందులు మొదలుపెట్టినవాళ్లు ఒకటి రెండు వారాల్లో మనసు మళ్లీ జారుతున్నట్టు అనిపిస్తే వెంటనే చెప్పాలి. గర్భం రాకుండా వేసుకునే మాత్రలు కూడా రిఫాంపిసిన్‌తో సరిగ్గా పనిచేయవు. ఆడవాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పడం లేదు, అందుకే ఇక్కడ ఇరికిస్తున్నాను.

ఎండీఆర్ వాళ్లకు లినెజోలిడ్ ఇస్తారు. ఇది నిజంగా జాగ్రత్తపడాల్సిన చోటు. లినెజోలిడ్, సర్ట్రలిన్ లేదా ఫ్లూఓక్సెటిన్ లాంటి మందు కలిస్తే మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం మితిమీరే ప్రమాదం ఉంది. వణుకు, చెమటలు, జ్వరం, విరేచనాలు, కండరాలు బిగుసుకుపోవడం, విపరీతమైన కంగారు, ఇవి దాని గుర్తులు. అందరికీ వస్తుందని కాదు, వస్తే మాత్రం అత్యవసరం. డిప్రెషన్ మందు ఆపి లినెజోలిడ్ మొదలుపెట్టాలంటే సాధారణంగా రెండు వారాలు, ఫ్లూఓక్సెటిన్ అయితే అయిదు వారాల దాకా ఎడం కావాలి. అది చాలా కాలం ఒంట్లో ఉండిపోతుంది. అంత ఆగే వీలు లేకపోతే ఏం చేయాలో ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని తేల్చాలి. 2024లో మన దేశంలో అనుమతి వచ్చిన ఆరు నెలల ఎండీఆర్ చికిత్సలో లినెజోలిడ్ ఉంది. కాబట్టి ఈ ప్రశ్న ఇప్పుడు ఎక్కువమందికి వస్తుంది. అదే చికిత్సలో ఉన్న బెడాక్విలిన్ గుండె లయ మీద ప్రభావం చూపుతుంది. సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్ కూడా అదే పని చేస్తాయి. రెండూ కలిపి ఇవ్వాల్సి వస్తే ఈసీజీ తీయకుండా ఇవ్వకూడదు.

కాలేయం సంగతి సరేసరి. టీబీ మందులే దానికి బరువు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా ముందు డాక్టరు దగ్గరికి. నిద్ర కోసం అశ్వగంధ లాంటివి సొంతంగా వేసుకునేవాళ్లు ఆ మాట కూడా చెప్పండి. దానివల్ల కాలేయం దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి.

నేను అందరికీ చెప్పేది ఒకటే. రెండు చీటీలూ ఎప్పుడూ ఒకే సంచిలో పెట్టుకోండి. టీబీ డాక్టరు ముందు మనసు మందుల చీటీ, మనసు డాక్టరు ముందు టీబీ చీటీ బల్ల మీద పెట్టండి. అడిగేదాకా ఆగకండి.

ఈ మాత్రలకు అలవాటు పడిపోతామా?

డిప్రెషన్ మందులకు మందు తాగేవాళ్లలా అలవాటు పడటం ఉండదు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి రావచ్చు. ఉన్నట్టుండి ఆపితే మాత్రం తల తిరగడం, చిరాకు వస్తాయి, అందుకని మెల్లగా తగ్గిస్తారు. అలవాటు పడే ప్రమాదం నిద్రకూ కంగారుకూ ఇచ్చే అల్ప్రజోలం లాంటి మాత్రలతోనే ఉంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది కూడా చాలావరకు వాటినే.

మాత్రలు లేకుండా తగ్గదా?

తేలికపాటి, మధ్యరకం డిప్రెషన్‌కు మాట్లాడే వైద్యం బాగా పనిచేస్తుంది. ఎండీఆర్ మందులతో గొడవ పడే మాత్రల భయం ఉన్నచోట మొదట దీన్నే చూడటం మంచిదని నా అభిప్రాయం.

"కౌన్సెలింగ్ అంటే నీతులు చెప్పడమే కదా" అంటారు. సరిగ్గా చేస్తే కాదు. గోవాలో సంగాత్ అనే సంస్థ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక పద్ధతి పెట్టి చూసింది. సైకియాట్రిస్టులు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు ఆరు నుంచి ఎనిమిది సార్లు రోగితో కూర్చుంటారు. మామూలు వైద్యం మాత్రమే దొరికినవాళ్లకన్నా వీళ్లు మెరుగయ్యారని 2017లో ఫలితాలు వచ్చాయి. అందులోని కీలకం చాలా చిన్నది. మనసు బాగయ్యాక పనులు చేద్దామని ఆగితే మనసు బాగవదు, అందుకే ముందు చిన్న పని మొదలుపెట్టిస్తారు. పొద్దున ఏడింటికి లేచి మేడ మీద పది నిమిషాలు ఎండలో నడవడం, సాయంత్రం ఊరికి ఒక ఫోన్, రెండు రోజులకోసారి గడ్డం గీసుకోవడం. చేసినప్పుడు మనసు ఎలా ఉందో ఒక కాగితం మీద రాసుకోవడం. నా మటుకు నాకు రోజూ సాయంత్రం కింది అంగడికి వెళ్లి మజ్జిగ ప్యాకెట్ తెచ్చుకోవడమే మొదటి పని. నవ్వొస్తుంది గానీ ఆ రోజుల్లో అది కొండ ఎక్కడమే.

ఇంట్లో కంచం, గ్లాసు వేరుగా పెట్టాలా?

వద్దు. టీబీ గాలి ద్వారా వస్తుంది, కంచం ద్వారా కాదు. ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్లు దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, మొదటి వారాల్లో మాస్కు వేసుకోవాలి, కిటికీలు తెరిచి ఉంచాలి. మందులు పనిచేస్తున్న టీబీ అయితే సుమారు రెండు వారాలకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఊపిరితిత్తుల్లో కాకుండా గ్రంథుల్లోనో ఎముకల్లోనో వచ్చే టీబీ సాధారణంగా అంటుకోదు.

మేమున్న పీజీలో నా ప్లేటు మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టారు. మందులు మొదలై మూడు నెలలైనా ఆ గుర్తు పోలేదు. ఆ ప్లేటులో తినలేక నేను మధ్యాహ్నం భోజనం మానేశాను. బరువు ఎందుకు పెరగడం లేదని డాక్టరు ప్రతిసారీ అడిగేవాడు.

మా ఆయన టీబీ మాత్రలు వేసుకోనని మొండికేస్తున్నాడు. తిట్టినా వినడం లేదు.

తిట్టడం ఆపి, ఎందుకు వేసుకోవడం లేదో అడిగి చూడండమ్మా. నేను విన్న జవాబులు ఇవి: వేసుకుంటే వాంతి వస్తోంది, ఖాళీ కడుపుతో పనికి పోలేను, నేను ఎలాగూ పోతాను, నా మందుల కోసం నువ్వు గాజులు కుదువపెట్టావు. మొదటి రెండింటికి డాక్టరు దగ్గర మార్గం ఉంది. చివరి రెండూ డిప్రెషన్ మాటలు. వాటికి "అలా అనకు" అని నోరు మూయించడం మందు కాదు. పక్కన కూర్చోండి, విన్నాక టీబీ కేంద్రంలో మందులిచ్చేవాళ్లకు, ఆశా కార్యకర్తకు ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పండి.

ఆయన తాగుతాడు కూడా. తాగుడు మాన్పించమంటారా?

ఐసోనియజిడ్, పైరజినమైడ్‌ల మీద సారా పడితే కాలేయం తట్టుకోదు. తాగుడు దిగులును పెంచుతుంది కూడా. అయితే రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్, తత్తరపాటు రావచ్చు. కాబట్టి దేవుడి ముందు ప్రమాణం చేయించి గదిలో పెట్టి తలుపు వేయకండి. డాక్టరు పర్యవేక్షణలో మాన్పించాలి. నిమ్హాన్స్‌లో దీనికి వేరే విభాగమే ఉంది.

"చచ్చిపోతే బాగుండు" అంటున్నాడు. ఊరికే అంటున్నాడేమో?

ఊరికే అన్నాడనుకుని ఊరుకోకండి. సూటిగా అడగండి: "చనిపోవాలని ఆలోచన వస్తోందా? ఎలా అని కూడా అనుకున్నావా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినందుకు ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ. అవునంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, టీబీవి కూడా, మీ దగ్గర పెట్టుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నిమ్హాన్స్‌లో ఎమర్జెన్సీ రాత్రీ పగలూ ఉంటుంది, దూరమైతే దగ్గర్లోని ఏ పెద్దాసుపత్రికైనా సరే. అంబులెన్సుకు 108. మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్, 14416. సైక్లోసెరిన్ వాడుతున్న మనిషి ఈ మాట అంటే టీబీ డాక్టరుకు కూడా అప్పుడే తెలియాలి.

పోలీసు కేసు అవుతుందని భయపడి దాచేవాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

నాకు కన్నడ రాదు. బెంగళూరులో తెలుగులో మాట్లాడే డాక్టరు దొరుకుతారా?

దొరుకుతారు. ఈ ఊళ్లో ఆసుపత్రి ఏదైనా తెలుగు వచ్చిన నర్సో, ఆయానో, పక్క మంచం రోగో తప్పకుండా ఉంటారు. అయితే మనసులో మాట చెప్పడానికి పక్క మంచం మనిషి దుబాసీగా ఉండటం బాగుండదు. రిజిస్ట్రేషన్ దగ్గరే "తెలుగు వచ్చిన డాక్టరు కావాలి" అని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

ఇంట్లోంచే మొదలుపెట్టాలంటే టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ ఉచితం, తెలుగు ఎంచుకోవచ్చు. దేశం మొత్తానికి దాని వెనక ఉన్న పెద్ద దిక్కు మన నిమ్హాన్సే. నిమ్హాన్స్‌కు నేరుగా వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, జనం ఎక్కువ. అక్కడికి వెళ్తే ఎవరైనా చూస్తారేమోనని జంకే వాళ్లకు బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వాళ్ల సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది. టీబీ మందుల గురించి సందేహాలుంటే నిక్షయ్ (టీబీ రోగుల పేర్లు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ) హెల్ప్‌లైన్ 1800-11-6666.

టీబీ డాక్టరుకు చెప్పాను. "అందరికీ అలాగే ఉంటుంది, బాగా తిను" అన్నాడు. ఇంకేం చేయాలి?

నాకూ ఇదే జవాబు వచ్చింది, అది కూడా తల ఎత్తకుండా. ఆ రోజు ఆయన ముందు డెబ్బై మంది ఉన్నారు, కోపం తెచ్చుకోలేకపోయాను.

బళ్లారి రోడ్డులో జాతీయ క్షయ సంస్థ ఉంది, 1959లో పెట్టారు. అరవైల మొదట్లో అక్కడివాళ్లు తుమకూరు జిల్లా పల్లెల్లో ఒక అధ్యయనం చేశారు. పల్లె జనానికి తెలియక ఆసుపత్రికి రావడం లేదనే అప్పటి నమ్మకం. తీరా చూస్తే టీబీ ఉన్నవాళ్లలో సగానికి పైగా అప్పటికే వైద్యం కోసం వెళ్లి ఉన్నారు. వెళ్లినవాళ్లలో ఎక్కువమందికి దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారు. ఆ సీసా ఇప్పుడు "బాగా తిను" అన్న మాట రూపంలో వస్తోందనిపిస్తుంది నాకు. రోగి చెబుతూనే ఉన్నాడు. కాబట్టి మళ్లీ చెప్పండి. ఈసారి "మనసు బాగాలేదు" అని ఊరుకోకుండా, "నిమ్హాన్స్‌కు రెఫరల్ చీటీ రాసివ్వండి సార్" అని అడగండి. చీటీ రాయడానికి ఒక్క నిమిషం పడుతుంది.

పని పోయింది. దిగులుకు సగం కారణం అదే. ఏమైనా సాయం అందుతుందా?

నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స జరిగినంత కాలం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2018లో మొదలైనప్పుడు 500, 2024 నవంబరు నుంచి పెంచారు. ప్రైవేటు ఆసుపత్రిలో వాడేవాళ్లకు కూడా వర్తిస్తుంది, నిక్షయ్‌లో పేరు నమోదై ఉండాలి.

పీణ్య, బొమ్మనహళ్లి వైపు గార్మెంట్స్‌లో చేసే మన ఆడపిల్లలు ఎంతోమంది ఉన్నారు. జీతంలోంచి ఈఎస్ఐ కట్ అవుతున్నవాళ్లు ఇది గుర్తుంచుకోండి: టీబీ ఈఎస్ఐ వాళ్ల దీర్ఘకాలిక వ్యాధుల జాబితాలో ఉంది. రెండేళ్లు వరుసగా పనిచేసి, కట్టాల్సిన రోజులు కట్టి ఉంటే సెలవులో ఉన్నా వేతనంలో 80 శాతం దాకా వస్తుంది. సూపర్‌వైజరు ఈ సంగతి తనంతట తాను చెప్పడు. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకముందే ఈఎస్ఐ ఆసుపత్రిలో అడగండి.

ఊరికి వెళ్లిపోతే మనసు కుదుటపడుతుందేమో. వెళ్లవచ్చా?

అమ్మ చేతి ముద్దకు మించిన మందు లేదనే వాళ్లతో నేను వాదించను. వెళ్లండి, కానీ ముందు చెప్పి వెళ్లండి. మీ నిక్షయ్ ఐడీ దేశమంతటా పనిచేస్తుంది. ఇక్కడి కేంద్రంలో ట్రాన్స్‌ఫర్ చేయమంటే అనంతపురంలోనో ఆదోనిలోనో మందులు అందుతాయి. చేరేదాకా సరిపడా మాత్రలు చేతిలో ఉంచుకోండి. మనసు మందులకు అలాంటి ట్రాన్స్‌ఫర్ లేదు. నెలకు సరిపడా రాయించుకుని, చీటీ ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఊళ్లో అందరూ "ఏమైంది, ఇంత చిక్కిపోయావు" అని అడుగుతారు. ఆ ప్రశ్న కొందరికి ఇక్కడి ఒంటరితనం కన్నా కష్టం. మీకు ఏది తట్టుకోగలిగేదో మీకే తెలుసు.

సంబంధాలు చూస్తున్నారు. టీబీ సంగతి, దిగులు మందుల సంగతి చెప్పాలా?

చెప్పాలనే నేనంటాను, చికిత్స పూర్తయ్యాక, రిపోర్టు చేతిలో పట్టుకుని. దాచి పెళ్లి చేసుకుని, మాత్రలు దొంగచాటుగా మింగుతూ, అత్తగారింట్లో రెండు రోజులు కుదరక మానేసిన అమ్మాయి కష్టం చూశాను. పెళ్లి ఆరు నెలలు ఆగితే ఏమీ మునిగిపోదు. ఆసుపత్రివాళ్లు మీ మానసిక చికిత్స వివరాలు మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు, అది చట్టం ఇచ్చిన హక్కు.

ఆఖరి టీబీ మాత్ర వేసుకున్నాను. దిగులు మాత్రలు కూడా ఆపేయవచ్చా?

ఆపకండి. మనసు తేలికపడ్డాక కూడా సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగిస్తారు, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. రిఫాంపిసిన్ ఆగిన రెండు వారాలకల్లా కాలేయం తన మామూలు వేగానికి వస్తుంది. అంతవరకు దాని కోసం పెంచిన డిప్రెషన్ మందు మోతాదు అప్పుడు ఎక్కువైపోవచ్చు. ఒళ్లు తూలడం, వణుకు, మగత కనిపించవచ్చు. అందుకని టీబీ మందుల ఆఖరి తేదీ ఏదో తెలియగానే దాన్ని ఒక కాగితం మీద రాసి, ఆ తేదీకి ముందే మనసు డాక్టరుకు చూపించండి.